రక్షిత అంశం నెంబరు పద్నాలుగు

వరహాలమ్మ తన డెబ్బై రెండేళ్ల జీవితంలో చేసిన పెద్ద తప్పు ఒక్కటే. గోడకి వేలాడుతున్న ఫొటో తీసి ఆఫీసర్ల చేతికిచ్చింది.

ఆ ఫొటో ఆవిడ తండ్రి నూకరాజు తీయించింది. పంతొమ్మిదివందల యాభై ఏడులో, గెడ్డపాలెం దగ్గర ట్రంకు రోడ్డు పక్కన పెట్రోలు బంకు తెరిచిన రోజుది. అప్పట్లో ఆ రోడ్డు మీద ఒక లారీ వెళ్తే ముందు పది ఎడ్లబళ్లు, వెనక పది ఎడ్లబళ్లు ఉండేవి. అలాంటి చోట నూకరాజు మద్రాసు వెళ్లి నమూనా గీయించుకొచ్చి మరీ బంకు కట్టాడు. ఏటవాలుగా నిలబెట్టిన రెండు స్తంభాలు, వాటి మీద అంచు పైకి లేచిన పల్చటి సిమెంటు కప్పు. వెనక మూలల్లేని గుండ్రటి గది, దానికి ఓడకున్నట్టు గుండ్రటి కిటికీలు, కింద చిప్స్ గచ్చు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పెట్రోలు అవసరం లేకపోయినా ఆ కప్పు చూడటానికి వచ్చేవారు. ఏ మూలా స్తంభం లేకుండా అది ఎలా నిలబడిందో తెలియక, దాని కింద నిలబడటానికి కొన్నాళ్లు భయపడ్డారు కూడా.

కప్పు కింద నిలువెత్తు చేతిపంపు ఉండేది. దాని నెత్తిన రెండు గాజు జాడీలు. పక్కనున్న హ్యాండిలు అటూ ఇటూ ఆడిస్తే భూమిలోంచి ఎర్రటి పెట్రోలు పైకెక్కి ఒక జాడీ నిండేది. అది కారులోకి దిగుతుంటే రెండోది నిండేది. గ్యాలను అంటే గ్యాలనే, కొనేవాడి కళ్లెదుటే. ఆ పంపుని వరహాలమ్మ ఇన్నేళ్లూ వదల్లేదు. కరెంటు పంపులు వచ్చినా దాన్ని తుడిచి, నూనె వేసి, ఏడాదికోసారి ఆడించి, పక్కనే నిలబెట్టుకుంది.

ఇక ఆ ఫొటో సంగతి. ప్రారంభం రోజున ట్యాంకరు రాలేదు. దారిలో ఏరు పొంగి అవతలి ఒడ్డున ఆగిపోయింది. పిలిచినవాళ్లు వచ్చేశారు, తుని నుంచి స్టూడియో ఆయన మూడుకాళ్ల కెమెరాతో దిగిపోయాడు. చేసేది లేక నూకరాజు పలక మీద సుద్దతో "స్టాకు లేదు" అని రాసి పంపుకి తగిలించి, ఫొటో మాత్రం తీయించాడు. సరిగ్గా పంపు ముందు ఏదో లారీ టైరు పేలి జాకీ మీద నిలబడి ఉంది. దాని డ్రైవరు నీడ దొరికింది కదా అని కిందే పడుకున్నాడు. గుండ్రటి గది గోడ మీద గడియారం పదకొండూ పది చూపిస్తోంది. పక్కన ఖాళీ ఆయిలు డబ్బా మీద కూర్చుని ఒక మూడేళ్ల పిల్ల నోరంతా తెరిచి ఏడుస్తోంది. ఆ పిల్లే వరహాలమ్మ. పంపు హ్యాండిలు తనే కొడతానని పేచీ పెట్టింది, ఎవరూ కొట్టనివ్వలేదు.

మర్నాడు ట్యాంకరు వచ్చింది. నూకరాజు కూతుర్ని ఎత్తుకుని, చిన్న చెయ్యి హ్యాండిలు మీద పెట్టి, పైన తన చెయ్యి వేసి మొదటి గ్యాలను ఆ పిల్లచేతే కొట్టించాడు. దానికి మాత్రం ఫొటో లేదు.

నిరుడు ఆ రోడ్డుని ఆరు వరసలు చేస్తామని కొలతలవాళ్లు వచ్చి, బంకు స్తంభం మీద ఎర్రరంగుతో నెంబరు వేసి వెళ్లారు. నెంబరు పడిందంటే కూలిందని అర్థం. వరహాలమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు, బంకులో నలభై ఏళ్లుగా పెట్రోలు కొడుతున్న అప్పలకొండ ఒక పేపరు పట్టుకొచ్చాడు.

"అమ్మగారూ, రహదారి వారసత్వ పరిరక్షణ మండలంట. పాత సత్రాలూ, వంతెనలూ, బంకులూ ఏటున్నా కూల్చకుండా కాపాడతారంట. ఒక దరకాస్తు పడేద్దుమా?"

పడేశారు. నెల తిరక్కుండా మండలివాళ్లు వచ్చారు, కప్పు చూసి చేతులు జోడించారు. రోడ్డు నాలుగు బారలు పక్కకి జరిగింది. వరహాలమ్మ ఆ ఆనందంలో సున్నుండలు చేసి పెట్టింది. రెండేసి తిని, చేతులు కడుక్కుని, డిప్యూటీ సంచాలకుడు విద్యాధరరావు అసలు మాట ఎత్తాడు.

"అమ్మా, తొమ్మిదో నిబంధన ప్రకారం రక్షిత కట్టడాన్ని, లభ్యమైన అత్యంత ప్రాచీన ఆధారంలో కనిపించిన స్థితికి పునరుద్ధరించవలసి ఉంటుంది. మీ దగ్గర ఆధారమేమైనా కలదా?"

"ఎందుకు లేదు బాబూ!" అని వరహాలమ్మ సంబరంగా లేచి, చీరచెంగుతో దుమ్ము తుడిచి మరీ ఫొటో ఇచ్చింది.

వారం తర్వాత మండలి నిపుణుడు డాక్టర్ నళినీకాంత్ వచ్చాడు. విదేశాల్లో బంకుల మీదే చదువుకుని వచ్చినవాడు. ఆయన భూతద్దం పెట్టి ఆ ఫొటోని రెండు రోజులు చూసి, ముప్పై ఒక్క రక్షిత అంశాల జాబితా తయారుచేశాడు. జాబితాలో ఉన్నది కదలకూడదు, లేనిది ఉండకూడదు.

మొదట కరెంటు పంపులు వెళ్లిపోయాయి. తర్వాత రంగులవాళ్లు దిగారు. డబ్బాలు మూతలు తీస్తే అన్నిట్లోనూ బూడిద రంగే.

"ఇదేటండీ? మా గోడ పసుపుపచ్చ. పంపు ఎరుపు, కప్పు అంచు నీలం. మా అయ్య దగ్గరుండి కలిపించేడు" అంది వరహాలమ్మ.

"ఆధారం?" అన్నాడు నళినీకాంత్.

"నా కళ్లు బాబూ."

"కళ్లు ప్రాథమిక ఆధారం కావమ్మా. ఫొటో ప్రాథమిక ఆధారం. అందులో పసుపు లేదు, ఎరుపు లేదు. లేని రంగును ఊహించడం చరిత్రకు ద్రోహం. ఉన్నవి ఏడు రకాల బూడిద రంగులు, అవి ఏడూ వేయిస్తున్నాం."

ఏడూ వేశారు. చిప్స్ గచ్చులోని రంగురాళ్ల మీద కూడా ఒక పూత పూశారు. గడియారం పదకొండూ పది దగ్గర ఆపి, బ్యాటరీ తీసి లక్కముద్ర వేశారు. ఫొటోలో లారీ అడ్డురావడం వల్ల పంపు హ్యాండిలు కనిపించదు కనుక, అది తర్వాతి కాలంలో చేరిన అనధికార నిర్మాణమని తేల్చి, ఊడదీసి వరహాలమ్మ చేతికిచ్చి రసీదు తీసుకున్నారు. ఆవిడ దాన్ని బిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని, తీసుకెళ్లి దేవుడి అరలో పెట్టింది.

ఆ తర్వాత మండలి ఎక్కడో పాత లారీ ఒకటి వెతికి పట్టుకొచ్చి, బూడిద రంగు కొట్టి, ముందు చక్రం పీకి, పంపు ముందు జాకీ మీద నిలబెట్టింది. లారీ కింద నిద్రపోవడానికి కాంట్రాక్టు పద్ధతిన ఒక మనిషి కావాలని ప్రకటన వేస్తే, పని పోయి కూర్చున్న అప్పలకొండనే తీసుకున్నారు. పాపం, నలభై ఏళ్లు పగలల్లా నిలబడి పనిచేసినవాడికి పగటినిద్ర ఎక్కడిది? కళ్లు మూసుకుని పడుకుంటే తనిఖీకి వచ్చినవాళ్లు రెప్పలు కదులుతున్నాయని కనిపెట్టారు. "విధి నిర్వహణలో మెలకువగా ఉన్నందుకు" అతనికి మెమో వచ్చింది.

ఇవన్నీ వరహాలమ్మ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది పలక. "స్టాకు లేదు" అన్న పలకని కొత్తగా రాయించి, గాజుపెట్టెలో పెట్టి పంపుకి తగిలించారు.

"బాబూ, స్టాకుంది. కింద ట్యాంకు నిండా ఉంది" అంది ఆవిడ.

"ఉండవచ్చు" అన్నాడు విద్యాధరరావు. "కానీ అధికారికంగా లేదు. పలక ఏడో అంశం. పలక ఉండగా పెట్రోలు అమ్మితే పలక అబద్ధమవుతుంది. రక్షిత అంశాన్ని అబద్ధం చేయడం శిక్షార్హం."

"ఆ పలక ఒక్క రోజుది అయ్యా! మర్నాడే ట్యాంకరొచ్చింది. మొదటి గ్యాలను నేనే కొట్టేను."

"మర్నాటికి ఆధారం లేదమ్మా."

పది రోజుల తర్వాత పెట్రోలు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. తొంభై రోజులపాటు అమ్మకాలు లేని బంకుకి డీలరు లైసెన్సు రద్దవుతుందని, కారణాలతో కంపెనీకి సంబంధం లేదని అందులో ఉంది. వరహాలమ్మ ఆ ఉత్తరం పట్టుకుని మండలికి వెళ్లింది. బంకు నడవకపోతే మరీ మంచిదనీ, నడిచే వస్తువు అరిగిపోతుందనీ, అరుగుదల సంరక్షణకు విరుద్ధమనీ వాళ్లు చెప్పారు. అదే మాట కంపెనీకి చెబితే, తమ ఫారంలో వారసత్వానికి గడి లేదన్నారు. రోడ్డువాళ్లు కూలుస్తామంటే గోడలు పోయేవి. వీళ్లు కాపాడుతుంటే గోడలు మిగిలి బంకు పోతోంది. ఎవరిని తిట్టాలో తెలియక వరహాలమ్మ ఇంటికొచ్చి ఆ ఫొటో తీయించిన నూకరాజుని తిట్టింది.

అప్పుడు నోటీసు వచ్చింది.

"రక్షిత అంశం నెంబరు 14 (ఆయిలు డబ్బాపై ఆసీనురాలైన బాలిక, ఒకటి) తనిఖీ చేయగా, సదరు అంశము మూడు సంవత్సరముల వయస్సు నుండి డెబ్బది రెండు సంవత్సరముల వయస్సుకు ముందస్తు అనుమతి లేకుండా మార్పు చెందినట్లు గమనించడమైనది. ఎత్తు, బరువు, జుట్టు రంగులలో అనధికార మార్పులు స్పష్టముగా కానవచ్చుచున్నవి. ఏల చర్య తీసుకొనరాదో ఏడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

విచారణకి వరహాలమ్మ వెళ్లింది. పెరిగిన మాట నిజమేననీ, ఆపడానికి తన చేతిలో ఏమీ లేకపోయిందనీ ఒప్పుకుంది. ఒకరిద్దరు సభ్యులు పాత అంశాన్ని తొలగించి, అసలు కొలతలతో ఫైబరు బొమ్మ చేయిద్దామన్నారు. నళినీకాంత్ ఒప్పుకోలేదు. శిథిలమైనా సరే, మూలపదార్థమే నకలు కంటే విలువైనదన్నది అంతర్జాతీయ సూత్రమట. శిథిలమన్న మాటకి వరహాలమ్మ ఆయన వంక చూసిన చూపు కూడా రికార్డుల్లోకి ఎక్కింది.

చివరికి ఉత్తర్వు ఇది: పద్నాలుగో అంశం రోజూ పది నుంచి అయిదు వరకు ఆయిలు డబ్బా మీద కూర్చోవాలి. బూడిద రంగు చీర మండలే ఇస్తుంది. ఫొటోలో శబ్దం లేదు కనుక మాట్లాడరాదు.

వరహాలమ్మ కూర్చుంది. కూర్చోకపోతే బంకులోకే రానివ్వరు మరి. తండ్రి కట్టిన కప్పు కింద, తండ్రి నిలబెట్టిన పంపు పక్కన, దాన్ని ముట్టుకునే హక్కు లేకుండా మళ్లీ మూడేళ్ల పిల్లలా కూర్చుంది. కాళ్ల కింద తొమ్మిదివేల లీటర్ల పెట్రోలు ఉంది. ఎదురుగా బళ్లు ఆగి, పలక చూసి, తిట్టుకుంటూ వెళ్లిపోతున్నాయి. ఆవిడ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటోంది.

ఎనభై ఎనిమిదో రోజున ప్రారంభోత్సవం పెట్టారు. మండలి చైర్మన్ గారు రాజధాని నుంచి వస్తారు, వారసత్వ బంకుని జాతికి అంకితం చేస్తారు, మధ్యాహ్నం విశాఖపట్నంలో విమానం ఎక్కుతారు. పర్యటన కార్యక్రమం విద్యాధరరావు స్వయంగా తయారుచేశాడు. అందులో చివరి వరస ఇలా ఉంది: "12.30కి, చైర్మన్ గారి వాహనమునకు పెట్రోలు నింపుట. స్థలము: గెడ్డపాలెం బంకు." బంకన్నాక పెట్రోలు ఉంటుందని రాసేశాడు. అలవాటు.

చైర్మన్ గారు వచ్చారు. గంటన్నర మాట్లాడారు. ఈ కప్పు స్వతంత్ర భారతం పైకెత్తిన రెక్క అన్నారు, ఆ పంపు ప్రగతి గుండెచప్పుడు అన్నారు. వెనక ఆయన కారు, సీటు చల్లగా ఉండాలని, ఏసీ వేసుకుని ఆ గంటన్నరా గుండెచప్పుడు చేస్తూనే ఉంది. చప్పట్లయ్యాక ఆయన కారెక్కబోతే డ్రైవరు వచ్చి చెవిలో చెప్పాడు. ముల్లు అడుక్కి పోయింది. తర్వాతి బంకు ఇరవై మైళ్లు.

"ఇక్కడే కొట్టించు" అన్నారు చైర్మన్ గారు.

డ్రైవరు పలక చూపించాడు.

విద్యాధరరావు ముందుకొచ్చాడు. తన కారులో దయచేయమన్నాడు. అది మూడో తరగతి అధికారి కారు కనుక ప్రోటోకాల్ ఒప్పుకోదని చైర్మన్ గారి ఆంతరంగిక కార్యదర్శి చెప్పాడు. డబ్బా పంపి తెప్పిద్దామంటే, డబ్బాల్లో పెట్రోలు పోయరాదని గోడ మీద రాసి ఉంది. అది ఇరవై రెండో అంశం.

"స్టాకు నిజంగా లేదా?" అన్నారు చైర్మన్ గారు, డబ్బా మీదున్న వరహాలమ్మని చూసి.

ఆవిడ పలకలేదు. లారీ కింద నుంచి అప్పలకొండ గొంతు వినిపించింది.

"ఆవిడ మాటాడకూడదండి బాబూ. నాను లెగకూడదండి. మెమో ఇచ్చెత్తారు."

"మాట్లాడమ్మా, నేను అనుమతిస్తున్నాను."

వరహాలమ్మ గాల్లో వేలితో రాసి చూపించింది. కాగితం మీద కావాలని. మాట్లాడటానికి అనుమతిస్తూ ఉత్తర్వు రాసి, ముద్ర వేసి ఇచ్చారు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పూర్తిగా చదివి, మడిచి బొడ్లో దోపుకుని, అప్పుడు నోరు విప్పింది.

"స్టాకుందండి. కొట్టడానికి హ్యాండిలు లేదు. మీవాళ్లే పీకేసేరు."

"అదెక్కడుంది?"

"నా కిందే ఉంది" అని ఆవిడ లేచి, డబ్బా మూత తీసింది. లోపల, తువ్వాల్లో చుట్టి, హ్యాండిలు ఉంది. దేవుడి అరలోంచి తెచ్చి వారమైంది. డబ్బా బయట ఎలా ఉండాలో ఫొటో చెప్పింది గానీ లోపల ఏముండాలో చెప్పలేదు.

"అద్భుతం! వెంటనే బిగించండి" అన్నాడు విద్యాధరరావు. "ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా ఒక్కసారికి సడలింపు..."

"ఒక్కసారికైతే బిగించను" అంది వరహాలమ్మ. హ్యాండిలు మీద పట్టు వదల్లేదు. "మూడేళ్లప్పుడు దీనికోసం ఏడిసేను. మీరు ఆ ఏడుపొక్కటే చూసేరు. మర్నాడు మా అయ్య నా చేత కొట్టించింది చూళ్లేదు. ఎల్లుండికి తొంభై రోజులవుతాయి, నా లైసెన్సు పోద్ది. రోజూ కొట్టుకోనిస్తామని రాసివ్వండి. లేదా, అలా తోసుకుంటూ ఎల్లండి. ఇరవై మైళ్లే కదా."

విమానం టైము దగ్గరపడుతోంది. చైర్మన్ గారు విద్యాధరరావుని చూశారు, విద్యాధరరావు నళినీకాంత్‌ని చూశాడు. నళినీకాంత్ గోడని చూశాడు. గోడ మీద లక్కముద్ర వేసిన గడియారం ఉంది.

"సర్" అన్నాడు నళినీకాంత్, దేవుడు కనిపించినవాడిలా. "మన ఆధారం పదకొండూ పదికి సంబంధించినది. పదకొండూ పదకొండుకి ఈ బంకు ఎలా ఉందో తెలిపే ఆధారమేదీ మన దగ్గర లేదు. ఆధారం లేని స్థితిని సంరక్షించే అధికారం మండలికి లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. మూడు నెలలు ఒక ముసలావిడకి దొరకని దారి, చైర్మన్ గారికి మూడు నిమిషాల్లో దొరికింది. అక్కడికక్కడే, లారీ బానెట్టు మీద, అత్యవసర సమావేశం జరిగి తీర్మానం అయింది. తొమ్మిదో నిబంధన ప్రతిరోజూ ఉదయం పదకొండూ పది నుంచి ఒక నిమిషం పాటు వర్తించును. మిగతా సమయమున వర్తించదు.

వరహాలమ్మ ఆ కాగితం కూడా చదివి దోపుకుని, హ్యాండిలు బిగించింది. సాయానికి వచ్చిన అప్పలకొండని వద్దంది. రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఆడించింది. మొదట గాలి బుడబుడలాడింది, తర్వాత గాజు జాడీలోకి పెట్రోలు ఎక్కడం మొదలైంది. ఆ బూడిద రంగు లోకంలో రంగున్నది అదొక్కటే. చేతి మీద ఇంకో పెద్ద చెయ్యి ఉన్నట్టే అనిపించింది ఆవిడకి. ఆ క్షణంలో ఆవిడకి చైర్మనూ కనబడలేదు, మండలీ కనబడలేదు.

ఇప్పుడు గెడ్డపాలెం బంకు బాగా నడుస్తోంది. గోడ మళ్లీ పసుపుపచ్చ, కప్పు అంచు నీలం. కరెంటు పంపులూ వచ్చేశాయి. రోజూ పదకొండూ ఎనిమిదికి గోడల మీద బూడిద రంగు తెరలు దించుతారు, కరెంటు పంపులకి ముసుగులు వేస్తారు, చక్రం తగిలించిన లారీని నలుగురు కలిసి ముందుకి నెట్టి జాకీ ఎక్కిస్తారు, పలక తగిలిస్తారు. వరహాలమ్మ బూడిద చీర పైన చుట్టుకుని డబ్బా మీద కూర్చుంటుంది. పొద్దుట్నుంచీ పెట్రోలు కొట్టి అలిసిన అప్పలకొండ లారీ కింద దూరగానే నిజంగానే నిద్రపోతాడు, పదకొండూ పదకొండుకి లేపినా లేవడు. పాతవన్నీ చూడ్డానికి వచ్చే టూరిస్టులు ఆ నిమిషం కోసం ఎదురుచూసి, ఫొటోలు తీసుకుని, పెట్రోలు కొట్టించుకుని వెళ్తారు.

గత నెల మళ్లీ నోటీసు వచ్చింది. మూలాధారములో పద్నాలుగో అంశము ఏడ్చుచుండగా, ఇటీవలి తనిఖీలలో సదరు అంశము వరుసగా పన్నెండు దినములు నవ్వుచున్నట్లు గమనించడమైనది, సంజాయిషీ ఇవ్వవలెను.

వరహాలమ్మ ఒక కాగితం తీసుకుని తనే జవాబు రాసింది. "అయ్యా, ఏడవడానికి ప్రయత్నం చేస్తున్నాను. హ్యాండిలు నా చేతిలో ఉన్నంతకాలం ఏడుపు రావడం లేదు. మీరు మళ్లీ ఊడబీకితే తప్పకుండా ఏడుస్తాను."

పది రోజులకి మండలి నుంచి బదులొచ్చింది. సదరు ప్రతిపాదన పరిశీలనలో ఉన్నదని.

ఆ రోజు నుంచీ వరహాలమ్మ సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు హ్యాండిలు ఊడదీసి, తువ్వాల్లో చుట్టి, చంకలో పెట్టుకుని తీసుకెళ్తోంది.